ఆయకట్టు దాకా దేవుడు

సివిల్ బ్రాంచ్ వాళ్లకు ఒక ప్రశ్న. మన పుస్తకాల్లో కనపడే ఇంజినీర్లలో ఎంతమందికి పాలాభిషేకం జరుగుతుంది? నాకు తెలిసి ఒక్కరికే. మే 15 వస్తే గోదావరి జిల్లాల్లో రైతులు ఒక తెల్లదొర విగ్రహం మీద పాలు పోసి, దండ వేసి, చేతులు జోడిస్తారు. గోదావరిలో స్నానం చేయించే పురోహితుల్లో కొందరు సంకల్పంలో ఆయన్ని కూడా తలుచుకుంటారు. ఆయన్ని భగీరథుడితో పోల్చే సంస్కృత శ్లోకం ఒకటి అక్కడ చాలామందికి నోటికి వచ్చు. ఆ దొర మన దేవుళ్లను కొలిచినవాడు కాదు. గట్టి క్రైస్తవుడు, కంపెనీ సైన్యంలో ఇంజినీరు. పేరు సర్ ఆర్థర్ కాటన్.

నేను రాయాలనుకున్నది ఆయన జీవితమే. కానీ దానికంటే ముందు ఇద్దరు గ్రీకుల గురించి చెప్పాలి. ఎందుకంటే మనిషి దేవుడెట్లా అవుతాడు అనే ప్రశ్నను వాళ్లు రెండువేల మూడు వందల ఏళ్లకు ముందే వేసుకున్నారు.

మొదటాయన ప్రాడికస్, క్రీ.పూ. 5వ శతాబ్దం వాడు. ఆయన లెక్క చాలా సింపుల్. మనిషి తన బతుక్కి పనికొచ్చిన వాటినే దేవుళ్లన్నాడు. సూర్యుడు, చంద్రుడు, నదులు, ఊటలు ముందు. తర్వాత తిండిని, గూడును, పనులను కనిపెట్టి ఇచ్చిన మనుషులు. రొట్టె తినిపించిన ధాన్యం డెమీటర్ అయింది, ద్రాక్షసారా డయోనిసస్ అయింది. రెండో ఆయన యూహెమెరస్, క్రీ.పూ. 300 ప్రాంతంలో మాసిడోనియా రాజు కసాండర్ దగ్గర ఉన్నవాడు. ఆయన ఒక ప్రయాణ కథ రాశాడు. అరేబియా అవతలి సముద్రంలో పంకాయా అనే దీవి ఉందట, అక్కడి గుడిలో బంగారు స్తంభం ఉందట, దాని మీద జియస్, ఆయన నాయిన, ఆయన తాత అందరూ ఒకప్పటి రాజులేనని చెక్కి ఉందట. జియస్ ఊరూరా తిరిగి తన పూజను తానే పెట్టించుకున్నాడట, చివరికి క్రీట్ దీవిలో చచ్చిపోయాడట, సమాధి కూడా ఉందట. అలెగ్జాండర్ పోయాక ఆయన సేనాపతులు బతికుండగానే గుళ్లు కట్టించుకుంటున్న కాలం అది. మన దగ్గర సినిమా హీరోలకు గుడి కట్టే ఫ్యాన్స్‌ను చూసి ఎవరన్నా పురాణం మీద డౌట్ పడితే ఎట్లుంటుందో, అట్లాంటిదే.

ఇద్దరూ దేవుళ్ల వెనక మనుషులను చూసినవాళ్లే. కానీ తేడా ఉంది. యూహెమెరస్ దగ్గర దేవుడు కావడానికి అధికారం కావాలి. ప్రాడికస్ దగ్గర మేలు చేస్తే చాలు.

ఈ రెండూ మన నల్లగొండ, పాలమూరు ఊళ్లకు కొత్త కాదు. ఊరి బయట, చెరువు దగ్గర కుంకుమ పూసిన వీరగల్లులు చూసే ఉంటారు. చేతిలో కత్తో బల్లెమో పట్టుకున్న మనిషి బొమ్మ. ఆ రాయి కింద ఉన్నది దేవుడు కాదు. ఊరి కోసమో, పశువుల మంద కోసమో కొట్లాడి చచ్చిపోయిన మనిషి. పేరు మర్చిపోయాం, దండం మాత్రం మిగిలింది. నీళ్ల దగ్గరైతే ఈ సంగతి ఇంకా గట్టిగా కనపడుతుంది. ప్రతి చెరువు కట్ట మీదా కట్టమైసమ్మ ఉంటది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగకుండా తనను తాను బలి ఇచ్చుకున్న ముసలమ్మను ఆ ఊరు దేవతను చేసుకుంది. ఆ కథనే కట్టమంచి రామలింగారెడ్డి ముసలమ్మ మరణం అనే కావ్యంగా రాశాడు. నీళ్లను నిలబెట్టినవాళ్లు దేవతలవడం మన దగ్గర పాత అలవాటు. కాటన్ దొర ఆ వరసలో కొత్తగా వచ్చి కూర్చున్నాడు, అంతే.

ఇక ఆయన కథ.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టాడు. ఇంటినిండా అన్నదమ్ములే, పదకొండు మందిలో ఈయన పదోవాడు. అంత పెద్ద ఇంట్లో వెనక పుట్టినవాడికి ఆస్తి మీద ఆశ ఉండదు, ఉద్యోగం చూసుకోవాల్సిందే. పదిహేనేళ్లకు అడిస్కంబ్‌లో ఈస్టిండియా కంపెనీ నడిపే సైనిక పాఠశాలలో చేరాడు. మనం ఇంటర్ ఫస్టియర్‌లో ఉండే వయసు. అక్కడి నుంచి మద్రాసు ఇంజినీర్ల దళంలోకి, 1821లో మన దేశానికి వచ్చాడు. పాంబన్ దగ్గర సముద్రపు దారి సర్వేలో పనిచేశాడు. మధ్యలో మొదటి బర్మా యుద్ధానికి కూడా పోయివచ్చాడు.

ఆయన నిజంగా ఇంజినీరైంది కావేరి దగ్గర. తంజావూరు పొలాలకు పోవాల్సిన నీళ్లు కొల్లిడం పాయలోకి జారిపోయి సముద్రంలో కలుస్తున్నాయి. ఆ జారుడును ఆపాలి. అడుగంతా లోతైన ఇసుక. రాయి తగలని చోట ఆనకట్ట ఎట్లా నిలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు ఆయనకు ఇంగ్లండ్ పుస్తకాల్లో దొరకలేదు. పక్కనే ఉన్న కల్లణైలో దొరికింది. కరికాల చోళుడి పేరు మీద చెప్పుకునే ఆ కట్ట అప్పటికే పదిహేడు వందల ఏళ్ల పాతది. పాతకాలం వాళ్లు ఇసుకలో పెద్ద పెద్ద రాళ్లు పడేశారు. నీటి ఉరవడికి రాళ్ల కింద ఇసుక కోసుకుపోయి రాళ్లు దిగిపోయాయి. మళ్లీ పైన రాళ్లు వేశారు, అవీ దిగాయి. ఇంక దిగనంతవరకూ వేస్తూ పోయారు. మధ్యలో బంకమట్టి. పైన గట్టి కట్టడం. ఇసుకతో కొట్లాడకుండా ఇసుకనే కూర్చోబెట్టారన్నమాట. సాయిల్ మెకానిక్స్ అనే సబ్జెక్ట్ పుట్టకముందు సంగతి ఇది!

కాటన్ దీన్ని చూసి పక్కకు పోలేదు, కూర్చుని నేర్చుకున్నాడు. పునాది విద్యను ఈ దేశపు పాతవాళ్ల దగ్గర నేర్చుకున్నామని తర్వాత బాహాటంగా ఒప్పుకున్నాడు కూడా. నాకు కాటన్‌లో అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే. పాలించడానికి వచ్చినవాడు పాలితుల దగ్గర స్టూడెంట్‌లా కూర్చోవడం ఆ రోజుల్లో తేలిక కాదు. 1836కల్లా కొల్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు రెండూ లేచాయి, తంజావూరు తేరుకుంది.

తర్వాత ఒళ్లు దెబ్బతింది. ఎండకు, జ్వరాలకు ఆగలేక సెలవు పెట్టి ఆస్ట్రేలియా వైపు పోయాడు. అక్కడ ఎలిజబెత్ లియర్‌మంత్‌ను 1841లో పెళ్లి చేసుకున్నాడు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో పని. అక్కడి నుంచే గోదావరి ఆయన జీవితంలోకి వచ్చింది.

అప్పటి గోదావరి జిల్లాను ఇప్పటి కోనసీమ ఫొటోలతో పోల్చుకోవద్దు. 1832-33లో కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అన్నారు. గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1839లో కోరంగి తీరాన్ని తుఫాను ముంచింది. ఇరవై ఏళ్లలో రాజమండ్రి జిల్లా జనాభా ఏడు లక్షల పైనుంచి ఆరు లక్షల లోపుకు పడిపోయింది. పక్కనుంచే దేశంలోని పెద్ద నదుల్లో ఒకటి నిండుగా పారుతూ సముద్రంలో పడుతోంది. ఆ నీళ్లు ఎత్తుగా ఉన్న పొలంలోకి ఎక్కవు. మనుషులు ఆ గట్టు మీదే ఆకలితో చచ్చిపోయారు.

కంపెనీకి మనుషుల మీద జాలి పుట్టిందని అనుకోవద్దు. శిస్తు పడిపోయింది, అదీ బాధ. కాటన్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆయన 1844 నుంచి రాసిన రిపోర్టుల్లో కరువు బొమ్మతో పాటు రాబడి లెక్క కూడా ఉంటుంది. ఇంత పెడితే ఇంత శిస్తు తిరిగి వస్తుంది అని. ధర్మాన్ని లాభం భాషలో చెప్పడం ఒక విద్య, ప్రాజెక్ట్ ప్రపోజల్ రాసినవాళ్లకు తెలుస్తుంది. సర్వే కోసం ఆయన గట్ల వెంట గుర్రం మీద రోజుల తరబడి తిరిగాడని, అరటిపళ్లు తిని గడిపాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇట్లాంటి కథల్లో ఎంత నిజమో గానీ, దేవుడయ్యే మనిషి కథలో ఉపవాసం ఒకటి ఉండాల్సిందే కదా.

1846లో లండన్ అనుమతి వచ్చింది. 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది. అక్కడ గోదావరి లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగింటికీ నాలుగు కట్టలు, కలిపి మూడున్నర కిలోమీటర్లకు పైనే. ఎత్తు పన్నెండు అడుగులే. ఆయనకు కావాల్సింది నదిని ఆపడం కాదు, కాలువల్లోకి ఎక్కేంత పైకి లేపడం. కావేరిలో నేర్చుకున్న పాఠమే ఇక్కడా పనికొచ్చింది. ఇసుకలోకి బావుల వరసలు దించి వాటి మీద గోడ, కింది వైపు కొట్టుకుపోకుండా బండరాళ్ల పరుపు. రాయి ధవళేశ్వరం కొండ నుంచే వచ్చింది. కొండను తవ్వి, పట్టాల మీద బండ్లు తోసి, పడవల్లో ఎక్కించి నదిలో దించారు.

పనిలోకి వేల మంది దిగారు. వాళ్లను కూడగట్టి, నిలబెట్టి, పని చేయించిన తెలుగాయన ఒకరున్నారు, వీణం వీరన్న. కాటన్ కింద సబ్ ఇంజినీరు. ఇంగ్లిషు రాని కూలీలకూ తెలుగు రాని దొరలకూ మధ్య నిలబడ్డ మనిషి. 1848లో కాటన్‌కు వడదెబ్బ తగిలి మళ్లీ ఆస్ట్రేలియా పోవాల్సి వచ్చింది. రెండేళ్లు కెప్టెన్ ఆర్ పని చూశాడు. అంటే భగీరథుడు లేని రెండేళ్లు కూడా గోడ లేస్తూనే ఉంది. ఈ ముక్క పాలాభిషేకం రోజు ఉపన్యాసాల్లో నేనెక్కడా వినలేదు. 1850లో కాటన్ తిరిగి వచ్చాడు, 1852లో ఆనకట్ట పూర్తయింది. వీరన్నకు రాయబహదూర్ బిరుదు దక్కింది, ఆనకట్ట దగ్గర శిలాఫలకం మీద పేరు చెక్కించారు. 1867లో ఆయన పోయాడు.

తర్వాత జరిగింది మీకు తెలిసిందే. కాలువలు పారాయి, ఒక పంట పండని చోట రెండు పంటలు పండాయి. ఇప్పుడు ఆ ఆయకట్టు పది లక్షల ఎకరాల దాకా ఉంది. 1852 నుంచి 55 లోపు ఇదే పద్ధతిలో విజయవాడ దగ్గర కృష్ణ మీద కూడా ఆనకట్ట లేచింది, కట్టింది ఆర్. 1970, 80ల్లో ధవళేశ్వరం దగ్గరే కొత్త బ్యారేజీ కట్టి దానికి కాటన్ పేరే పెట్టారు.

గుడి బొమ్మలో కనపడని కాటన్ కూడా ఒకరున్నారు. ఆయనకు ఓడిపోవడం కూడా బాగా తెలుసు. దేశంలోని నదులన్నీ కలిపి పడవలు నడపాలని కలగన్నాడు. రైళ్ల మీద పోసే డబ్బంతా దండగని, కాలువలు తవ్వితే తిండీ వస్తుంది, రవాణా కూడా అవుతుందని పోట్లాడాడు. గోదావరి ఎగువన వార్ధా దాకా స్టీమర్లు నడిపే పథకం నడిచీ నడవక 1871లో ఆగిపోయింది. దుమ్ముగూడెం ఆనకట్ట దాని గుర్తే.

ఇంకో ఓటమి మనకు చాలా దగ్గర. కాటన్ పట్టుబట్టి ముందుకు తోసిన పథకాల్లో తుంగభద్ర కాలువ ఒకటి. 1858లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని ప్రైవేటు కంపెనీ పెట్టి, సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వారు. ఖర్చు అంచనా దాటింది, రైతులు అనుకున్నంతగా నీళ్లు కొనలేదు, చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీని కొనేసింది. కాటన్ శత్రువులు ఈ ఉదాహరణను జీవితాంతం ఆయన మొహాన కొట్టారు. అయితే సుంకేసుల ఎక్కడుంది? తుంగభద్ర కుడి గట్టు కర్నూలు, ఎడమ గట్టు మన పాలమూరు. అవతల రాజోలి. అప్పట్లో కుడివైపు బ్రిటిష్ రాజ్యం, ఎడమవైపు నైజాం కింద గద్వాల సంస్థానం. కాలువ కుడివైపు పోయింది. ఆనకట్ట ఒక చివర మన నేలకే ఆనుకుని ఉంది, నీళ్లు మాత్రం అటు మళ్లాయి. అందులో కాటన్ కుట్రేమీ లేదు, ఆయన జీతమిచ్చిన ప్రభువు ఎల్లలు అంతవరకే. కానీ రాజోలిలో కాటన్‌కు పాలాభిషేకం ఎందుకు లేదో అర్థం కావడానికి వేరే సిద్ధాంతం అక్కర్లేదు.

1861లో సర్ బిరుదు వచ్చింది. అప్పటికే ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ చేరాడు. 1876-78 కరువులో దక్షిణాదిన లక్షల మంది చచ్చిపోతుంటే డెబ్బై అయిదేళ్ల వయసులో మళ్లీ లేచాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని గంటల తరబడి ప్రశ్నలు ఎదుర్కొన్నాడు. కమిటీకి ఆయన లెక్కలు నచ్చలేదు, రైళ్లే గెలిచాయి. డార్కింగ్ అనే ఊళ్లో చివరి ఏళ్లు గడిపాడు. అక్కడ కూడా ఊరుకోలేదు, ఇంటి వెనక నేలను లోతుగా తవ్వి గోధుమ ఎక్కువ పండించే ప్రయోగాలు చేశాడు. 1899 జూలై 24న, 96 ఏళ్లకు పోయాడు.

మరుసటి ఏడాది ఆయన జీవిత చరిత్ర వచ్చింది. రాసింది కూతురు, లేడీ హోప్. ఈ పేరు వేరే చోట విన్నారేమో గుర్తు తెచ్చుకోండి. చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో మళ్లీ బైబిల్ పట్టుకున్నాడని ఒక కథ ప్రపంచమంతా తిరిగింది కదా, దాన్ని చెప్పింది ఈమే. డార్విన్ పిల్లలు అది అబద్ధమని ఖండించారు. కాటన్ గురించి ఆమె రాసిందంతా కల్పన అని నేననను, అందులో ఆయన ఉత్తరాలు, రిపోర్టులు చాలా ఉన్నాయి. కానీ యూహెమెరస్ ఈ సంగతి వింటే నవ్వుకునేవాడు. బంగారు స్తంభం మీద కథ చెక్కేవాళ్లు ఎప్పుడూ ఇంటివాళ్లే!

అయినా కాటన్ విషయంలో నా ఓటు ప్రాడికస్‌కే. కాటన్ రాజు కాదు, తన పూజ తాను పెట్టించుకోలేదు. ఎవరన్నా తనకు హారతి పడుతుంటే ఆయన మత నిష్ఠకు అది పాపంలానే కనపడి ఉండేది. అదే రాజ్యంలో ఆయన మీద గవర్నర్లు, వైస్రాయ్‌లు ఎందరో ఉన్నారు, వాళ్ల విగ్రహాలు మ్యూజియం గోదాముల్లోకి పోయాయి. పంపకంలో నీళ్లు ఇచ్చినవాడే మిగిలాడు. ప్రాడికస్ నదుల్ని, పనికొచ్చే మనుషుల్ని ఒకే వరసలో ఎందుకు పెట్టాడో ధవళేశ్వరం గట్టున నిలబడితే తెలుస్తుంది. అక్కడ గోదావరి తల్లి, కాటన్ ఇద్దరూ ఒకే దండంలో కలిసిపోతారు.

ప్రాడికస్ చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. మేలు ఎంతవరకు పారితే దైవత్వం అంతవరకే పారుతుంది. ఇట్లాంటి దేవుడికి మ్యాప్ మీద గీత గీయొచ్చు, అది ఆయకట్టు గీతే. హైదరాబాద్ ట్యాంక్ బండ్ మీద కాటన్ విగ్రహం ఉంది, దాని పక్కన జనం సెల్ఫీ దిగుతారు, దండం పెట్టరు. మాది దేవరకొండ దిక్కు. మా తాతకు కాటన్ పేరు తెలియదు. తెలిసింది బోరు ఎన్ని ఫీట్లు వేస్తే నీళ్లు పడతాయన్నది, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతన్నది. నైజాంలో కూడా గొప్ప ఇంజినీరున్నాడు, నిజాంసాగర్ కట్టించిన అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11ని తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నాం. పూజ చేసే ఊరుందని మాత్రం నేను వినలేదు.

ఇంకో లెక్క కూడా నాకు కుదరదు. పాలమూరు లేబర్ అనే మాట మనందరికీ తెలుసు. నాగార్జునసాగర్ నుంచి వేరే రాష్ట్రాల డ్యాముల దాకా మట్టి మోసింది, రాయి పేర్చింది మన పాలమూరు వాళ్లే. తట్ట మోసిన మనిషి ఊళ్లో పొలం ఎండింది, మోసిన చోట పొలం పండింది. పనికొచ్చినవాళ్లే దేవుళ్లైతే ప్రతి డ్యాము కింద వాళ్లకు కనీసం ఒక వీరగల్లు ఉండాలి. మన పూర్వీకులు పశువుల కోసం చచ్చినవాడికి కూడా రాయి నిలబెట్టారు, మనం అది కూడా మర్చిపోయాం. ధవళేశ్వరంలో రాయి మీద పేరు ఎక్కిన వీరన్న అరుదైన మనిషి. ఆయన కింద పనిచేసిన వేల మందిలో ఒక్క పేరు కూడా నాకు దొరకలేదు.

శ్రీశైలం జలాశయం నుంచి నల్లగొండకు నీళ్లు తేవడానికి తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. నెలల తరబడి వెతికితే ఇద్దరి దేహాలు దొరికాయి. వాళ్లు పంజాబ్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్మూ కశ్మీర్ నుంచి మన నీళ్ల కోసం వచ్చినవాళ్లు. ఒకప్పుడు పాలమూరు వాళ్లు పోయినట్టే వాళ్లు ఇక్కడికి వచ్చారు. ఆ నీళ్లు మా దిక్కు పారిన రోజున మొదటి చెరువు కట్ట మీద, మైసమ్మ పక్కనే, ఆ ఎనిమిది పేర్లతో ఒక రాయి పెట్టించాలని నేనూ మా క్లాస్‌మేట్లు కొందరం అనుకుంటున్నాం. కుంకుమ పెట్టాలా వద్దా అనేది ఊరి ఇష్టం.